ఇంట – ఇంటికి

గ్రామపెద్దలారా,

ఉన్నచోటును చెప్పుట యొకటి, పోవుచోటును చెప్పుట మఱియొకటి. ఈ రెంటి భేదమును మన తెలుగు ఎంత చిన్న గుర్తుతో చూపుచున్నదో నేడు మనవి చేసెదను.

"తమ్ముడు ఇంట నున్నాడు", "తమ్ముడు ఇంటికి పోయినాడు". మొదటి దానిలో నిలుకడ, రెండవ దానిలో నడక. పైన – పైకి, క్రింద – క్రిందికి, లోపల – లోపలికి, అవతల – అవతలికి: అన్నిటను ఇదే పద్ధతి. మన వ్యాకరణములు ఈ 'కి', 'కు' లను షష్ఠీ విభక్తిలో చేర్చినవి. ఇచట వాని పని దారి చూపుట.

ఐరోపాఖండపు ఉత్తరభాగమున డెన్మార్కు, నార్వే యను దేశములు గలవు. వారి భాషలందును ఈ భేదము కలదు. ఇంటికి పోవునపుడు 'యెమ్' అందురు. ఇంట నున్నపుడు 'యెమ్మె' అందురు. పైకి 'ఒప్', పైన 'ఒప్పె'. వింత యేమనగా, వారికి నడకమాట పొట్టిది, నిలుకడమాట పొడుగుది. మనకు తఱచుగా నిలుకడమాటయే పొట్టిది. నడకకు 'కి' తోడగును.

మన నల్లగొండ, మహబూబునగరము పల్లెలలో "ఇంట్ల ఉన్నడు, ఇంట్లకు పోయిండు, ఇంట్లకెల్లి వచ్చిండు" అందురు. ఉనికి, పోక, రాక మూడును వేర్వేఱుగా తెలియుచున్నవి. "ఈడ, ఈడికి, ఈడికెల్లి" యనునవియు నట్టివే. పుస్తకభాషలోని "ఇచట, ఇచటికి, ఇచటినుండి" యను మాటలకు ఇవి సరితూగును. పలుకు మాఱినది గాని నియమము చెడలేదు. కావున బడికి పోవు పిల్లవాడు "ఈడికెల్లి" యన్నచో తప్పుమాట యని కసరవలదు. కసరినచో వాడు బడిలో నోరు విప్పుటయే మానును. "ఇంట నిట్లందుము, వ్రాతలో నిట్లు వ్రాయుదుము" అని రెండును నేర్పుడు.

పలుకున నిలిచిన యీ నియమము వ్రాతలో జాఱిపోరాదు. "చెరువు క్రింద నాలుగెకరములు" అనగా ఆ నీటితో పండు పొలము. "చెరువు క్రిందికి నీరు వదలిరి" అనగా తూము తెఱచిరి. అర్జీలో "తూము దిగువ నీరు లేదు" అని వ్రాసినచో అచట నీరు లేదని మాత్రమే తెలియును. "తూము దిగువకు నీరు రాలేదు" అన్నచో పాఱుదల ఆగినదని తెలియును. ఎవరు ఆపిరను విచారణకు దారి యేర్పడును. ఊరివారికి అర్జీలు వ్రాసి యిచ్చువారు తఱచుగా మీరే. సంతకము చేయించుటకు ముందు ఒకమాఱు పైకి చదివి వినిపించి, ఆ 'కి', 'కు' లు తమచోట నున్నవో లేవో చూచుకొనుడని కోరుచున్నాను.