పాత ప్రభుత్వ భవనములు - వాని పరిచారకులు



మన దేవాలయముల శాసనములను చదివినవారికి ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణము’ అను మాట క్రొత్త కాదు. విరిగినదానిని, పగిలినదానిని, శిథిలమైనదానిని బాగుచేయుట యని దాని భావము. పూర్వపు రాజులు గుడి కట్టించి యంతతో నూరకుండలేదు. దీపమునకును నైవేద్యమునకును భూమి నిచ్చినట్లే మరమ్మతులకును భూమి నిచ్చిరి. దానము చేయుటకంటె దానిని పాలించుటయే మేలని శాసనముల చివర శ్లోకములు చెప్పుచుండుట మీ రెఱిగినదే. గుడుల మాట యట్లుండనిండు. ప్రభుత్వ భవనముల విషయమున ఈ బుద్ధి యెంతవఱకు నిలిచినది, ఆ పనిచేయు చేతు లెవరివి, అని నేడు కొంచెము విచారింతము.

కుంపిణీవారి ప్రభుత్వము 1854లో పబ్లిక్ వర్క్స్ శాఖను నెలకొల్పినది. రోడ్లు వేయుట, వంతెనలు కట్టుట, కచ్చేరీలు కట్టుట దాని పనులు. మనవారు మాత్రము దానిని ‘మరామతు శాఖ’ యని పిలిచిరి. మరామతనగా బాగుచేయుట. కట్టుటకంటె కట్టినదానిని కాచుటయే ఆ శాఖకు ముఖ్యమని మన తాతలు తలంచిరో యేమో! ఇప్పు డది రోడ్లు భవనముల శాఖ యైనది. పేరులోనుండి మరామతు పోయినది. పనిలోనుండియు కొంత జాఱినదని నా తలంపు.

సికిందరాబాదు చెంత బొల్లారములో రాష్ట్రపతి నిలయ మున్నది. 1860లో కట్టిన ఒంటి యంతస్తు భవనము. గదులు 11 మాత్రమే కాని, చుట్టునున్న భూమి 90 ఎకరములు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట, 1950లో అది రాష్ట్రపతి కార్యాలయము వశమైనది. రాష్ట్రపతిగారు అందు విడిది చేయుట సంవత్సరమునకు కొలది దినములే. తక్కిన దినములలో ఆ యిల్లెవరిది? ఊడ్చువారిది, తోటమాలిది, వడ్రంగిది, తాపీమేస్త్రీది. 2023 మార్చి మొదలుకొని సంవత్సరము పొడుగునను ప్రజలు పోయి చూచుటకు వీలు కల్పించిరి. చూడబోయినవారు వంటయింటినుండి భోజనశాలకు పోవు సొరంగమును వింతగా చూతురు. తలయెత్తి మిద్దెవంక చూచువారు అరుదు. భవనము బ్రదుకుటయు చచ్చుటయు ఆ మిద్దెలోనే యున్నది.

ఢిల్లీలోని రాష్ట్రపతి భవనము ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. 1912లో మొదలై 1929 నాటికి పూర్తియైనది. 340 గదులు, 330 ఎకరముల ఆవరణము. ధోల్‌పురపు ఎఱ్ఱరాతితోను లేతపచ్చని రాతితోను దాని నిర్మాణము సాగినది. శిల్పి ల్యూటెన్సు దొరపేరు నెల్లవారును చెప్పుదురు. మన సర్వేపల్లి రాధాకృష్ణనుగారు, గిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు అందు నివసించినారని మనము గర్వపడుదుము. అచ్చటి మొగలు ఉద్యానమునకు 2023లో అమృత ఉద్యానమని పేరు మార్చిన సంగతియు పత్రికలలో చదివితిమి. ఇంగ్లీషువారి కాలమున ఆ తోటలలో నాలుగువందలకు పైగా తోటమాలు లుండిరనియు, వారిలో పక్షులను తోలుటకే నియమింపబడిన బాలురును కలరనియు గ్రంథములలో నున్నది. వారి పేర్లు మాత్రము లేవు. 1948లో గవర్నరు జనరలు పదవికి వచ్చిన రాజగోపాలాచారిగారు, దేశమున తిండికి కఱవుగా నున్నదని, ఆ యావరణములో కొంతభూమిని దున్నించి గోధుమ వేయించిరి. పూలమొక్కకు పాదుచేసిన చేతులే గోధుమచేనికి నీరు పెట్టియుండును.

ఇక ఈ పరిచారకుల పని యెట్టిదో చెప్పెదను. మీలో పాత మిద్దెయిండ్లు గలవారికి ఇది సులభముగా తెలియును. ఆ కాలపు భవనములు సున్నముతో కట్టినవి. 1914లో పోర్‌బందరు కర్మాగారము ఆరంభమైన పిదపనే మన దేశమున సిమెంటు క్రమక్రమముగా విరివియైనది. అంతకు మునుపు సున్నపురాతిని కాల్చి, నీరు పోసి, ఇసుకతో గానుగలో నూఱి, కరకకాయ నీరును బెల్లపు నీరును కలిపి గచ్చు చేసెడివారు. టేకు దూలములపై చిన్న యిటుకలను అంచుపై నిలిపి సున్నముతో కూర్చి, ఆపైని ఇటుకజల్లియు సున్నమును కలిపి పఱచి, దిమ్మిసలతో దినములతరబడి మర్దించి మిద్దె వేసెడివారు. ఇట్టి మిద్దె నూఱేండ్లును నిలుచును, ఒక్క యేటి అశ్రద్ధకు చెడనుచెడును.

ఎట్లందురా? వేసవిలో రాలిన యాకులు నీటితూములలో పడి క్రుళ్లును. తొలకరి వాన కురియును. నీరు పోవు దారి లేక మిద్దెమీద నిలుచును. పగులు కనిపెట్టి క్రిందికి దిగి దూలపు కొనను తడుపును. తడిసిన కొనను చెదలు పట్టును. క్రింద కచ్చేరీలో కూర్చుండి వ్రాసికొనువానికి ఇదేమియు తెలియదు. ఒకనాడు కప్పు క్రుంగును. ఆ తూమును ఒక గంటసేపు శుభ్రముచేయు మనిషి యుండిన ఇంత జరుగదు.

రావి, మఱ్ఱి, జువ్వి మొక్కల సంగతియు నంతే. పక్షి రెట్టతో గింజ గోడసందున పడి మొలచును. వ్రేలెడు మొక్కగా నున్నపుడు వేరుతో పెఱికిన పీడ వదలును. మొదలు నఱికి చేతులు దులుపుకొన్నచో మరల చిగిర్చును. వేరు లోపల లావై రాళ్లను విడదీయును. తోటలో నీరు పెట్టువాడును ఇందు భాగస్వామియే. గోడమొదట పూలకుండ్లు పెట్టి దినమును తడిపినను, ఏటేట మన్నుపోసి నేలను పునాదిపైకి ఎత్తు చేసినను, చెమ్మ గోడలోనికి ఎగబ్రాకును. తెలిసిన తోటమాలి గోడకు దూరముగా పాదు చేయును. పచ్చికకు పోసిన నీరెటు పాఱునో కనిపెట్టి చూచును.

అన్నిటికంటె నాకు వ్యసనము కలిగించున దింకొకటి. నే నుద్యోగము చేసిన ఒక పాఠశాల పాతకాలపు కచ్చేరీ భవనములో నుండెడిది. గోడ చెమ్మగిల్లి పెళ్లలు రాలుచున్నవని విన్నవించుకొంటిమి. కంట్రాక్టరు వచ్చి గోడలన్నిటికిని సిమెంటు పూసిపోయెను. చూచుటకు ముచ్చటగానే యుండెను. కొన్ని వర్షకాలములు గడచునప్పటికి, పూతక్రిందనున్న ఇటుక పిండియై, సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడినది. కారణము కష్టమైనది కాదు. సున్నపు గోడ ఊపిరి పీల్చును. లోపలి చెమ్మ సున్నముగుండ బయటికి పోయి ఎండును. సిమెంటు దానికి దారి నియ్యదు. నిలిచిన చెమ్మలోని ఉప్పు ఇటుకలో పేరుకొని దానిని లోలోపల తినివేయును. ఏమియు చేయక విడిచిన గోడకంటె చెడ్డమందు పూసిన గోడయే త్వరగా పడినది.

సున్నపుపని తెలిసిన మేస్త్రీ యొకడు ఆ భవనమునకు స్థిరముగా నుండిన ఆ కీడు తప్పెడిది. కాని నే డట్టివా రెక్కడ? పూర్వము పెద్ద భవనమునకు మేస్త్రీలు, మాలీలు, వడ్రంగులు జీతముమీద నుండెడివారు. వారి కొడుకులు వారివెంట తిరిగి పని నేర్చుకొనెడివారు. ఇప్పుడు చాలచోట్ల పని గుత్తకు పోవుచున్నది. ఈయేడు వచ్చినవాడు మీదటియేడు రాడు. ఏ తూము ఎప్పుడు మూసికొనునో, ఏ గోడ ఏ మూల తడియునో తెలిసికొనులోపల గడువు తీఱును. గానుగ సున్నమునకు కూలి హెచ్చనియు, దినములు పట్టుననియు, లెక్కల కాగితమున దాని నెక్కింపరు. అడుగువారు లేక పనివాడు సిమెంటునకు మఱలును, వాని కొడుకునకు సున్నము చేయు విధమే తెలియదు. పొదుపు పొదుపని యిట్లు చేసి, తుదకు భవనము కూలునని పడగొట్టి క్రొత్తది కట్టుటకు అయ్యెడి వ్యయమును లెక్కించువా రెవరు?

మీ మీ ప్రాంతములలోను పాత తాలూకా కచ్చేరీలు, ముసాఫరుఖానాలు, కాలువగట్ల బంగళాలు ఇంకను కొన్ని నిలిచియున్నవి. కొన్ని బడులకును, కొన్ని పంచాయతీలకును ఉపయోగపడుచున్నవి. రోహిణికార్తె ముగియక మునుపే వాని మిద్దె నెవరైన ఎక్కి చూచిరా యని మీ రడుగవచ్చును. మరమ్మతునకు సొమ్ము మంజూరైనపుడు, పూత సున్నముతోనా, సిమెంటుతోనా యని పని మొదలుపెట్టక మునుపే విచారింపవచ్చును. మీ యూర గచ్చుపని యెఱిగిన ముదుసలి మేస్త్రీ యొక్కడున్నను, వాని పేరు ఇంజినీరునకు తెలియజేసి, ఇద్దఱు కుఱ్ఱవాండ్రను వానిక్రింద కూలి యిచ్చి పెట్టుడని అర్జీ వ్రాయవచ్చును. ఆ యర్జీ వానకాలమునకు ముందే చేరవలెను. జల్లు పడిన పిమ్మట సున్నపుపని సాగదు.