ఛాయాచిత్రములోని లెక్క

రోగము పేరు తెలిసికొనుటతో వైద్యుని పని సగమే పూర్తియగును. పెద్దప్రేగునందో, దాని చివరి భాగమగు పురీషనాళమునందో క్యాన్సరు కంతి యున్నదని తేలిన పిమ్మట రోగియు, అతని ఇంటివారును అడుగు ప్రశ్నలు వేరు. అది ఎంత లోతునకు పోయినది? చుట్టునున్న గ్రంథులకు ప్రాకినదా? ఏ చికిత్సకు లొంగును? శస్త్రచికిత్సకు ముందే వీనికి సమాధానము దొరకినచో చికిత్సామార్గమే మారిపోవచ్చును. స్కాను చిత్రములను గణితముతో శోధించి ఈ సమాధానములను ముందుగా ఊహించు ప్రయత్నమును గూర్చి నేడు ముచ్చటింతము.

ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. లండను నగరమందలి సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పనిచేసిన కత్‌బర్ట్ డ్యూక్స్ అను వైద్యుడు 1932లో పురీషనాళపు క్యాన్సరును మూడు తరగతులుగా విభజించెను. కంతి ప్రేగు గోడలోనే ఆగియున్నచో మొదటి తరగతి. గోడను దాటినచో రెండవది. శోషరస గ్రంథులకు చేరినచో మూడవది. నేటి విభజన మఱింత సూక్ష్మమైనను, గ్రంథులకు ప్రాకినదా లేదా యను ప్రశ్నకు గల ప్రాముఖ్యము తగ్గలేదు. అయితే డ్యూక్స్ ఈ సంగతిని తెలిసికొన్నది కోసి తీసిన ప్రేగును బల్లపై నుంచి పరీక్షించిన తరువాత. తీర్పు సరియైనదే, కాని అది కత్తి పని ముగిసిన పిమ్మట వచ్చు తీర్పు.

శరీరమును కోయక లోపల చూచు విద్యకు 1895లో రాంట్జెన్ కనుగొనిన ఎక్స్‌కిరణములు నాంది పలికెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కాను యంత్రముతో మొదటి రోగిని పరీక్షించిరి. ఇచ్చట మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సి.టి. స్కాను పుట్టుకతోనే బొమ్మ కాదు, అంకెల పట్టిక. నీటికి సున్న, గాలికి మైనస్ 1000 అను కొలతపై శరీరమందలి ప్రతి చిన్న భాగమునకు ఒక్కొక్క అంకె వచ్చును. మన కంటికి అనువుగా నుండుటకై ఆ అంకెలను నలుపు తెలుపు ఛాయలుగా మార్చి చూపుచున్నారు. అనగా కన్ను చూచునది లెక్కలో కొంత భాగము మాత్రమే.

ఆ కొంత భాగముతో పని జరుగుట లేదా యన్నచో, చాలవఱకు జరుగుచున్నది. కాని గ్రంథుల విషయమున చిక్కు వచ్చుచున్నది. సాధారణముగా గ్రంథి పెద్దదైనచో క్యాన్సరు చేరినదని అనుమానింతురు. అయితే చిన్న గ్రంథిలోనే క్యాన్సరు కణములు దాగియుండవచ్చును. ఉబ్బిన గ్రంథిలో వట్టి వాపు మాత్రమే యుండవచ్చును. పరిమాణము ఒక్కటే చూచినచో మోసపోవుదుము.

చీరల అంగడికి పోయిన గృహిణి వస్త్రపు రంగునే చూడదు. వ్రేళ్లతో తడవి నేత ఒత్తుగా నున్నదో, పలుచగా నున్నదో, పోగులు సమముగా నున్నవో లేవో పరికించును. కంతికిని ఇట్టి నేత యొకటి కలదు. త్వరగా పెరుగు కంతిలో రక్తనాళములు క్రమము తప్పి అల్లుకొనును. కొన్నిచోట్ల కణములు క్రిక్కిఱిసియుండును. కొన్నిచోట్ల రక్తము చాలక చచ్చిపోవును. ఈ ఎగుడుదిగుళ్లు స్కాను అంకెలలో సూక్ష్మమైన మార్పులుగా నిలుచును. ఒక ఛాయ ప్రక్కన మఱియొక ఛాయ ఎన్నిమారులు వచ్చుచున్నదో లెక్కించి చిత్రపు నేతను కొలుచు పద్ధతిని రాబర్ట్ హరాలిక్, ఆయన సహచరులు 1973లోనే ప్రకటించిరి. ఇట్టి కొలతలను వందలకొలది తీసి రోగ లక్షణములతో పోల్చు శాస్త్రమునకు ‘రేడియోమిక్స్’ అను పేరు 2012లో ఫిలిప్ లాంబిన్, ఆయన సహచరులు ప్రకటించిన వ్యాసముతో ప్రచారమునకు వచ్చినది.

ఒక ఉదాహరణము చూతము. చైనాదేశమున గ్వాంగ్‌ఝౌ నగరపు వైద్యులు 2016లో ఒక పరిశోధనను ప్రకటించిరి. పెద్దప్రేగు, పురీషనాళపు క్యాన్సరు గల 326 మంది రోగుల సి.టి. చిత్రములనుండి కంతికి సంబంధించిన 150 కొలతలను తీసి, వానిలో 24 మాత్రమే పనికివచ్చునని ఏరిరి. వానికి సి.ఇ.ఏ. అను రక్తపరీక్ష ఫలితమును, గ్రంథులను గూర్చి స్కాను వైద్యుడిచ్చిన అభిప్రాయమును జతచేసి, గ్రంథులకు క్యాన్సరు ప్రాకియుండు అవకాశము ఎంతయో చెప్పు గణితమును కూర్చిరి. తరువాతి కాలమున వచ్చిన వేఱు 200 మంది రోగులపై దానిని పరీక్షించి చూచిరి. వచ్చిన ఫలితము 0.778.

ఈ అంకెకు అర్థమేమి? గ్రంథులకు ప్రాకిన రోగి నొకనిని, ప్రాకని రోగి నొకనిని జతపఱచి, ఎవరికి ప్రాకినదని ఈ గణితము నడిగినచో, నూఱు జతలలో సుమారు 78 జతలకు సరిగా చెప్పును. తక్కిన 22 జతలకు తప్పు చెప్పును. బొమ్మా బొరుసా వేసినను నూటికి 50 సరిపోవును. కావున ఇది చిన్న విజయము కాదు; తిరుగులేని తీర్పును కాదు.

ఆ తప్పు ఎవరి తలపై పడునో తలచుకొనుట మంచిది. పురీషనాళపు క్యాన్సరు గ్రంథులకు ప్రాకినదని తోచినచో పెక్కుమారులు శస్త్రచికిత్సకు ముందే కిరణ చికిత్స నిత్తురు. అవసరము లేనివారికి ఇచ్చినచో ప్రేగుల పనికిని, సంతానయోగ్యతకును నష్టము కలుగవచ్చును. అవసరమైనవారికి ఇవ్వకున్నచో రోగము తిరుగబెట్టవచ్చును. మఱియొక వైపు బ్రెజిలు దేశపు శస్త్రవైద్యురాలు ఆంజెలీటా హాబ్ర్-గామా 2004లో తెలిపిన ఫలితములు కలవు. కిరణ చికిత్సయు మందులును పొందిన 265 మందిలో 71 మందికి కంతి పరీక్షకు కనబడకుండ పోయెను. వారికి కత్తి పెట్టక జాగ్రత్తగా కనిపెట్టియుండిరి. అట్టి అదృష్టవంతులెవరో ముందే గుర్తింపగలిగినచో, పొట్టకు సంచి తగిలించుకొని బ్రతుకవలసిన అవస్థ కొందఱికి తప్పును. ఎం.ఆర్.ఐ. చిత్రముల లెక్కలతో ఈ గుర్తింపునకును ప్రయత్నములు సాగుచున్నవి.

కంతి జన్యులక్షణములను సైతము చిత్రమునుండి ఊహింప యత్నించుచున్నారు. జన్యువుల పొరపాట్లను దిద్దుకొను శక్తి లోపించిన పురీషనాళపు కంతులకు డోస్టార్లిమాబ్ అను మందు నిచ్చి, 12 మంది రోగులకు 12 మందికిని కంతి కనబడకుండ పోయినదని 2022లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిరి. కాబట్టి ఆ లక్షణమును తెలిసికొనుట అత్యవసరము. అయినను కంతినుండి చిన్న ముక్క తీసి పరీక్షించినచో ఆ సంగతి సూటిగా తెలియును. చిత్రము ఆ పరీక్షకు బదులు కాజాలదు. ముక్క కంతిలో ఒక్క మూలను గూర్చియే చెప్పును. చిత్రము కంతి నంతటిని చూపును, నొప్పి లేకుండ మరల మరల తీయవచ్చును. కావున రెండును తోడుగా నుండవలసినవి.

హెచ్చరిక యొకటి చెప్పవలసియున్నది. నూఱు రాళ్లు రువ్విన ఒకటి కాయకు తగులక మానదు. వందలకొలది కొలతలు తీసినచో రోగముతో సంబంధము లేనిదియు యాదృచ్ఛికముగా సరిపోవచ్చును. యంత్రము మారినను, చిత్రపు పొరల మందము మారినను అంకెలు మారిపోవును. అందులకే అనేక దేశముల శాస్త్రజ్ఞులు కూడి 2020లో 169 కొలతలకు ఉమ్మడి ప్రమాణములను స్థిరపఱచిరి. ఒక ఊరి రోగులపై నేర్చిన గణితము మఱియొక ఊరి రోగులపై నిలుచునో లేదో పరీక్షింపకయే నమ్మరాదు.

కావున స్కాను గణితమును న్యాయస్థానమున నిలిచిన ఒక సాక్షిగా భావించుట సమంజసమని మాకు తోచుచున్నది. మంచి సాక్షియే, అయినను తీర్పరి కాదు. యంత్రము చెప్పినదని ఎవరైన అన్నప్పుడు, నూటికి ఎందఱి విషయమున సరిపోయినది, మావంటి రోగులపై పరీక్షించిరా యని వైద్యుని వినయముగా అడుగుటకు రోగికి హక్కు కలదు. ఇక, ఎంతటి గణితమైనను తనవద్దకు రాని రోగిని గూర్చి ఏమియు చెప్పజాలదు. మలములో రక్తము కనబడినను, విరేచనపు అలవాటు కారణము లేక మారి వారములకొలది నిలిచినను, మొలలేయని సరిపెట్టుకొని సిగ్గుపడి దాచుకొనువారు మన ఇండ్లలో నెందఱో కలరు. వారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలసినవారము మనమే.