నగర వనంలో కొంగలు

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో నిర్మించిన హుస్సేన్‌సాగర్ ఒడ్డున హైదరాబాదు సంజీవయ్య పార్కు ఉంది. నీరు, చెట్లు ఒకేచోట దొరికే ఇటువంటి వనాలలో సందర్శకులు తేలికగా చూడదగిన పక్షి గుడ్డికొంగ. మడుగు అంచున కదలక నిలబడినంతసేపు దాని మట్టిరంగు చారలు నేలలో కలిసిపోతాయి. మనిషి మరీ దగ్గరికి వెళ్లగానే తెల్లని రెక్కలు విప్పి లేచిపోతుంది. గూడు కట్టే కాలం రాగానే వీపు ముదురు ఎరుపు రంగుకు మారుతుంది.

ఎగిరే తీరు మరింత గమనించదగినది. గుడ్డికొంగ, నారాయణపక్షి అనే మరో కొంగ మెడను ముడుచుకొని ఎగురుతాయి. స్టార్క్ జాతికి చెందిన ఎర్రకాళ్ల కొంగ మెడను చాచి ఎగురుతుంది. మెడలోని వెన్నుపూసలు, అంటే చిన్న చిన్న ఎముకలు, ప్రత్యేకంగా అమరి ఉండటం వల్లనే నారాయణపక్షి మెడను మడవగలదు, చేప కనబడిన క్షణంలో ముక్కును ముందుకు విసరగలదు. ఈ వేటను చూడటానికి ఎండ ముదరకముందు, ఒడ్డుకు దూరంగా, నిశ్శబ్దంగా నిలబడాలి. మళ్లీ చెప్పవలసింది ఆ దూరం గురించే: గూళ్ల దగ్గరికి మనుషులు వెళితే తల్లిపక్షులు బెదిరి లేచిపోతాయి, ఆ కాస్త వ్యవధిలోనే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి.