అమెరికాను మన ప్రశ్నతో చదువుదాం

(రాయపూర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. అదే ఏడాది హైదరాబాద్‌లో, ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ తెరిచారు. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు ఆ లైబ్రరీకి వచ్చేవారు.

నేనూ ఓ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే అమెరికన్ సాహిత్యం పేపర్ చదివాను. ఎమర్సన్, థోరో, విట్మన్, హెమింగ్వే. థోరో చెరువు గట్టున గుడిసె వేసుకుని బతికాడని క్లాసులో ఎంతో గొప్పగా చెప్పారు. మా వాడలో అందరివీ గుడిసెలే, దాన్నెవరూ తత్వం అనలేదు! బానిసత్వం మాత్రం పరీక్షకు రాని పాఠం.

నిజానికి మనవాళ్లు అమెరికాను చదవడం ఆ సెంటర్‌కు చాలా ముందే మొదలైంది. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'ని బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు వెళ్లారు. 1916 మేలో అక్కడి ఆంత్రోపాలజీ సెమినార్‌లో కులం పుట్టుక మీద పత్రం చదివారు. 1946లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతి ప్రజల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. అస్పృశ్యుల సమస్యనూ అక్కడికి తీసుకెళ్లాలన్న ఆలోచన ఆయనది. ఆ ఉత్తరం ఇవాళ ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. ఆన్‌లైన్‌లో పెట్టారు, పైసా కట్టకుండా మీ ఫోన్‌లోనే చదవొచ్చు.

అయితే పోలిక దగ్గరే ఆగొద్దు. బానిసకూ అస్పృశ్యుడికీ ఉన్న తేడాను బాబాసాహెబ్ విడిగా చర్చించారు. బానిస యజమానికి ఆస్తి, కాబట్టి తిండిపెట్టి బతికించుకునే అవసరం ఆ యజమానికి ఉండేది. అస్పృశ్యుడు ఆకలితో చచ్చినా ఎవరికీ నష్టం లేదు. ఇది పట్టించుకోకుండా జాతీ కులమూ ఒకటేనని రాసే థీసిస్‌లు నాకు నచ్చవు.

ఇప్పుడు కులమే అమెరికా చేరింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో, తన 23 క్యాంపస్‌లకూ వర్తించేలా, వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. అక్కడి తెలుగువాళ్ల సంఘాలూ సంబంధాలూ చూసినవారికి దాని అవసరం వేరే చెప్పక్కర్లేదు. అమెరికన్ సమాజం మీద పరిశోధనకు మనకింతకన్నా దగ్గరి అంశం ఏముంది?

పైగా మీరున్నది గురు ఘాసీదాస్ పుట్టిన నేల. సత్నామీల ఆత్మగౌరవ పోరాటాన్నీ, నల్లజాతి చర్చిల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదవడం హైదరాబాద్‌లో కూర్చున్న నావల్ల కాదు. మీకు ఛత్తీస్‌గఢీ వచ్చు, సత్నామీ క్లాస్‌మేట్లున్నారు. రెండు పేజీల ప్రతిపాదన రాయండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, కూర్చుని మాట్లాడుకుందాం.