అమ్మోనియా లీకైతే ముందు నీళ్లు, తర్వాత ఆసుపత్రి



ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో, గుంటూరు మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనం ఇచ్చేది ఎక్కువగా అమ్మోనియా వాయువే. ఒక నత్రజని పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే అమ్మోనియా. దీన్ని ఒత్తిడితో ద్రవంగా మార్చి పైపుల్లోకి పంపుతారు. అక్కడ ఒత్తిడి తగ్గగానే అది మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. మామూలు ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఇది మరుగుతుంది. ధర తక్కువ, ఓజోన్ పొరకు హాని లేదు. అందుకే దీన్ని వాడతారు.

అయితే దీనికి నీరంటే మహా ఆకర్షణ. మన కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండే తడిలో కలిసి క్షారంగా మారి, అక్కడి కణజాలాన్ని కాల్చేస్తుంది.

లీకైనప్పుడు ఏం చేయాలి?

1. ఘాటు వాసన రాగానే తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, గాలి వచ్చే వైపుకు పక్కగా తప్పుకోండి. నేలబారున తెల్లని పొగ కనిపిస్తే అందులోకి వెళ్లకండి.

2. లోపల ఎవరైనా పడిపోతే, తగిన మాస్కు లేకుండా లోపలికి దూకకండి. ఫైర్ స్టేషన్‌కు 101, అంబులెన్సుకు 108 చేయండి.

3. కళ్లు నలపకండి. రెప్పలు తెరిచి కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడగండి.

4. వాయువు పట్టిన బట్టలు తీసేయండి. చర్మానికి అతుక్కుంటే లాగకండి, ముందు నీళ్లు పోయండి.

5. నిమ్మరసం, వెనిగర్ పోయకండి. వేడి పుట్టి గాయం పెరుగుతుంది.

తేరుకున్నామని ఇంటికి వెళ్లిపోకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవవచ్చు. తప్పక డాక్టరుకు చూపించుకోండి. మీతో పనిచేసేవారికి కూడా ఈ మాట చెప్పండి.