ఫిషర్ కమలాతొనలు: ఒక ఆహార స్మృతిని వినడం

తిన్న తిండిని ఆధారం చేసుకొని గడిచిన బతుకును చెప్పే రచనకు ఆహార స్మృతి రచన అని పేరు. వంటల పుస్తకానికి కొలతలు ముఖ్యం. ఆ కొలతలు రాసిన మనిషి ఎవరో తెలియకపోయినా పులుసు పులుసుగానే ఉడుకుతుంది. స్మృతి రచనలో మాత్రం ఆ మనిషి ఏ ఊళ్లో, ఏ గదిలో, ఎవరి పక్కన కూర్చొని, ఎవరు లేని వేళ చూసి ఆ ముక్క నోట్లో వేసుకున్నదీ తెలియకపోతే చదవడానికి ఏమీ మిగలదు. ఇంగ్లీషు వచనంలో ఈ ప్రక్రియకు కళాగౌరవం తెచ్చినవారిలో అమెరికన్ రచయిత్రి మేరీ ఫ్రాన్సెస్ కెన్నెడీ ఫిషర్‌ది పెద్దపీట. ఆమె పుస్తకాలన్నిటినీ పరిచయం చేయడం ఒక ప్రసంగానికి అయ్యే పని కాదు గనుక, కొద్ది పుటల్లో ముగిసే ఒక వ్యాసాన్ని, అందులోనూ ఒక్క ఘట్టాన్ని శ్రోతల ముందుంచడమే ఇక్కడి ఉద్దేశం.

ఫిషర్ 1908లో మిషిగన్ రాష్ట్రంలోని ఆల్బియన్‌లో పుట్టి, తండ్రి పత్రిక నడిపిన విట్టియర్ అనే కాలిఫోర్నియా పట్టణంలో పెరిగింది. 1929లో ఆల్ఫ్రెడ్ ఫిషర్‌ను పెళ్లాడి, ఆ ఏడే అతనితో కలిసి ఫ్రాన్స్ చేరి, అతను పరిశోధన చేసుకుంటున్న డిజాన్ నగరంలోనూ, తరువాత కొంతకాలం స్ట్రాస్‌బర్గ్‌లోనూ కాపురం చేసింది. 1937లో వచ్చిన తొలి పుస్తకం 'సర్వ్ ఇట్ ఫోర్త్' మీద ఎం.ఎఫ్.కె. అన్న పొడి అక్షరాలే ఉండడంతో, రాసింది పురుషుడని భావించిన పాఠకులు కూడా అప్పట్లో ఉన్నారు. ఆల్చిప్పల మీద ఒక పుస్తకం, యుద్ధకాలపు కరువులో కడుపు నింపుకోవడం మీద మరొకటి, 1943లో 'ద గ్యాస్ట్రనామికల్ మీ', 1949లో ఫ్రెంచి భోజన తత్త్వవేత్త బ్రియా-సవారాఁ గ్రంథానికి అనువాదం వరుసగా వెలువడ్డాయి. అమెరికాలో మంచి వచనం రాస్తున్నవారిలో ఆమెను ముందు వరుసన నిలిపినవాడు వంటల విమర్శకుడెవరో కాడు, డబ్ల్యు.హెచ్. ఆడెన్ అనే కవి. ఆమె పుస్తకాలను వంటింటి అలమరాలోనే సర్దుకునే పాఠకులు ఇంకా ఉన్నారు గనుక ఆ సంగతి ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

వ్యాసం పేరు 'బోర్డర్‌ల్యాండ్'. 'సర్వ్ ఇట్ ఫోర్త్'లోనిది. ప్రతి మనిషికీ ఒక చాటుతిండి ఉంటుందనీ, దాని గురించి చెప్పవలసి వస్తే మనిషి సిగ్గుపడి తన మీద తానే నవ్వుకుంటూ చెబుతాడనీ ఫిషర్ మొదలుపెడుతుంది. ఫ్రెంచి రచయిత్రి కొలెట్ సృష్టించిన క్లోదీన్ అనే పిల్ల, నిప్పు దగ్గర చేరి టోపీ పిన్నుకు గుచ్చిన చాక్లెట్ ముక్కను కాల్చుకు తినడం అక్కడ ప్రస్తావనకు వస్తుంది. ఇదంతా ఉపోద్ఘాతం. ఉపోద్ఘాతం నుంచి ఆమె తన సొంత చాటుతిండికి దిగి, అది ఎందుకు ఇష్టమో చెప్పడం చేతకాదనీ, ఎలా చేయాలో మాత్రం చెప్పగలననీ ముందే ఒప్పుకుంటుంది. శ్రోత చెవి నిలపవలసింది ఇక్కడి నుంచి.

చలికాలం. స్ట్రాస్‌బర్గ్‌లో ఒక పెన్షన్, అంటే గదితో పాటు భోజనం కూడా పెట్టే బస; అందులో వెచ్చని గది, వీధి మలుపు మీదికి తెరుచుకునే కిటికీ, ఆ గదిలో ఒక రేడియేటర్. వేడినీటినో ఆవిరినో ఇనుప గొట్టాల వరుసలోకి పంపి గదిని వెచ్చబెట్టే సాధనాన్ని చలిదేశాల్లో రేడియేటర్ అంటారు; దాని పైభాగం చేయి ఎక్కువసేపు ఆనించలేనంత వేడిగా ఉంటుంది. ఉదయం పూట కిటికీ దగ్గర కూర్చొని, తొక్క తేలికగా ఊడివచ్చే రకం చిన్న కమలాపండ్లను మూడో నాలుగో తీసుకొని, నలగకుండా ఒలిచి, తొనలు విడదీయాలి. వాటి మధ్య ఒక్కోసారి దాగి ఉండే బుల్లి తొనకు ఫిషర్ ముద్దు అని పేరు పెట్టి, అది దొరికితే భర్తకు దాచిపెట్టమంటుంది. తరువాత తొనలను అంటిపెట్టుకున్న తెల్లని పీచును పోగు పోగుగా తీయాలి. ఆ పీచు తీస్తున్నంతసేపూ గది సర్దే పనిమనిషి దిండ్లు దులుపుతూ, పారిస్ వైపు మనుషుల పోకిరితనం గురించి ఆ ప్రాంతపు ఆల్జాస్ యాసలో ఏవేవో చెబుతూ ఉంటుంది. వినేవారు ఊఁ కొడుతూ ఉండాలి. కిటికీ కింద సైనికులు మలుపు తిరిగి, కాలువ దాటి, రైన్ నది వైపు సాగిపోతుంటారు. నిన్నటి పత్రికను రేడియేటర్ మీద పరచి, తొనలను దాని మీద పేర్చాలి. వేడికి సిరా ఊడకుండా నిలిచే స్థానిక పత్రిక ఏదో ఆమె పేరుతో సహా చెబుతుంది. ఇక ఆ తొనల సంగతి మరచిపోవాలి.

ఇక్కడ మరచిపోవడం కూడా పాకవిధానంలో ఒక మెట్టే. భర్త మధ్యాహ్నం ఇంటికి వస్తాడు. ఇద్దరూ భోజనశాలలో తీరుబడిగా తింటారు. గదికి తిరిగివచ్చాక, ఆ ప్రాంతంలో ఒక రకం ప్లమ్ పండు నుంచి తీసే మద్యం ఒక గుక్క పుచ్చుకున్నా పుచ్చుకోవచ్చు. చివరికి అతను వెళ్లిపోతాడు. అతను వెళ్లినందుకు బాధ లేకపోలేదని చెప్పబోయి, ఫిషర్ ఆ వాక్యాన్ని 'కానీ' దగ్గర వదిలేసి, చిన్న గీత గీసి, మరుసటి వాక్యంలో నేరుగా రేడియేటర్ దగ్గరకు వెళ్లిపోతుంది.

ఈ వ్యాసంలో ఎవరైనా ఒక్కచోట ఆగవలసి వస్తే ఆ గీత దగ్గర ఆగాలి. కొత్తగా పెళ్లయిన భార్య, భర్త పట్ల నిజమైన ప్రేమ ఉన్న భార్య, అతని కోసం ముద్దు తొన పక్కన పెట్టిన భార్య, అతను గడప దాటితే గాని మొదలుకాని ఒక సుఖం తనకు ఉందని లోకానికి చెబుతున్నది. దానికి సంజాయిషీ రాస్తే వ్యాసం చప్పబడేది. దాపరికం అనుకొని ఆ మాటే ఎత్తకపోతే తొనలు వట్టి తినుబండారంగా మిగిలేవి. సంజాయిషీ మొదలుపెట్టి, దాన్ని పూర్తిచేసే ఓపిక తనకు లేదన్నట్టు తొనల వైపు తిరగడంలో ఆమె హాస్యమూ, ఆకలీ, నిజాయితీ ఒకే చోట పడ్డాయి. వ్యాసాన్ని పైకి చదివేవారు ఆ గీత దగ్గర ఊపిరి తీసుకోకుండా పరుగెత్తడం తరచు వినిపించే లోపం. సంగీత సభకు రాగాలాపన అయిపోయాక వచ్చి కృతి మాత్రమే విని లేచిపోయే శ్రోతకూ, పాకవిధానం ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఈ గీతను దాటిపోయే పాఠకుడికీ పెద్ద తేడా లేదు.

రేడియేటర్ మీద తొనలు వేడెక్కి, మరింత ఉబ్బి ఉంటాయి. కిటికీ తెరిచి, గట్టు మీద గడ్డకట్టిన మంచు మీద వాటిని కొన్ని నిమిషాలు ఉంచాలి. జరిగేది తేలికగానే అర్థమవుతుంది: వేడికి తొన పైపొరలోని తడి ఆరిపోయి అది పలుచని పెళుసు పెంకుగా మారుతుంది, లోపలి రసం మాత్రం ఆరదు, ఆ రసాన్ని మంచు చల్లబరుస్తుంది. పంటి కింద పెంకు చిట్లడం, వెంటనే చల్లని గుజ్జు నోరంతా పరుచుకోవడం, ఇదే ఆ తిండిలో ఉన్న వింత. ఇక ఆ మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చొని ఒక్కొక్క తొనే తింటూ వీధి చూడవచ్చు. సాయంకాలపు పత్రికలు దుకాణానికి వస్తాయి, పిల్లలు బడి నుంచి వస్తారు, ముగ్గురు వేశ్యలు నాజూకుగా నడుచుకుంటూ టీశాలలోకి వెళతారు, ట్రామ్ ఆగే చోట ట్యూలిప్ పూల బుట్ట ఒకటి గుమాస్తాల కోసం ఎదురుచూస్తుంది, చీకటి పడే వేళకు సైనికులు రైన్ నుంచి తిరిగివస్తారు.

ఆ సైనికులు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కనబడడం కాకతాళీయం అనుకోవడానికి వీల్లేదు. స్ట్రాస్‌బర్గ్ ఆల్జాస్ ప్రాంతపు ముఖ్యనగరం. రైన్ నదికి అవతలి ఒడ్డు జర్మనీ. ఆ ప్రాంతం 1871లో జర్మనీ చేతికి పోయి, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918లో ఫ్రాన్స్‌కు తిరిగివచ్చింది. పుస్తకం అచ్చయిన మూడేళ్లకు, 1940లో, జర్మన్ సేనలు మళ్లీ ఆ నగరాన్ని ఆక్రమించాయి. 1944 నవంబరు వరకు అది వారి అధీనంలోనే ఉంది. ఫిషర్ రాసే నాటికి ఇది జరగలేదు, జరుగుతుందని ఆమె ఎక్కడా హెచ్చరించలేదు కూడా. అయినా కమలాతొన ఒలిచే చేతులకూ, నది వైపు నడిచే బూట్లకూ మధ్య ఒక్క కిటికీ అద్దం మాత్రమే అడ్డంగా ఉంచి, వ్యాసానికి సరిహద్దు నేలను సూచించే పేరు పెట్టింది. యుద్ధాన్ని ఎరిగిన తరువాతి కాలపు పాఠకుడికి ఆ బూట్ల చప్పుడు 1937 నాటి పాఠకుడికి వినిపించినదానికంటే గట్టిగా వినిపించడం సహజం. మంచి స్మృతి రచనలు రాసినవారు ఊహించని చోట కూడా ఇలా బరువెక్కుతుంటాయి.

ఈ ప్రసంగకర్తకు ఫిషర్ పరిచయమైనది హైదరాబాదులో ఆదివారాల్లో ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల మధ్య దొరికిన ఒక ప్రతి ద్వారా. ఆ ప్రతిని అంతకుముందు చదివినవారెవరో చేసి చూడదగిన వంటలు వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో శ్రద్ధగా గీతలు గీసుకున్నారు. కమలాతొనల పుటలు మాత్రం అచ్చయినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మంచూ రేడియేటరూ లేని ఊళ్లో ఆ పుటలు పనికిరావని ఆ పాఠకుడు అనుకొని ఉండవచ్చు. గీతలు లేకపోవడమే ప్రసంగకర్త కళ్లను అక్కడికి లాగిందని చెప్పాలి. ఆ అజ్ఞాత పాఠకుడి మీద నేరం మోపడం ఇక్కడి ఉద్దేశం కాకపోయినా, నోరూరితే చాలు, తిండి గురించిన రచన చదివినట్టేనని భావించడం తెలుగునాట కూడా గట్టిగా నాటుకున్న అలవాటు. ఆవకాయ అనగానే నేయీ వేడి అన్నమూ తలచుకొని లొట్టలు వేసి, అక్కడితో తృప్తిపడే వ్యాసాలకు మన పత్రికల్లో లోటు లేదు. ఆ జాడీ మూత ఎవరి అనుమతితో తెరిచేవారో, చివరి టెంక ఎవరి కంచంలో పడేదో రాసేవారు తక్కువ.

అమృతం, అద్భుతం వంటి మాటలతో రుచి ఒక నాలుక నుంచి మరో నాలుకకు చేరదు. ఫిషర్ ఆ మాటలను దాదాపు దగ్గరకు రానివ్వలేదు. ఏ పని తరువాత ఏ పని చేయాలో, ఎంత నెమ్మదిగా చేయాలో, ఆ సమయంలో చెవిన ఏం పడుతుందో చెప్పి, పాఠకుడి చేతులకు పని అప్పగించింది. 'నేను తిన్నాను' అనకుండా 'ఒలవండి, విడదీయండి, మరచిపోండి' అని ఆజ్ఞల రూపంలో రాయడం వల్ల, వేల మైళ్ల దూరాన ఉన్న పాఠకుడు కూడా తెలియకుండానే ఆ కుర్చీలో కూర్చుంటాడు. భర్తతో కూడా పంచుకోని తిండి పరాయి దేశాల పాఠకులకు చేరినది ఈ ఉపాయం వల్లనే. షికాగోలోనో టొరంటోలోనో చలికాలం గడిపే తెలుగు కుటుంబాలవారైతే కిటికీ కింద రేడియేటరూ, గట్టు మీద మంచూ ఉన్న ఇంట్లో ఈ తొనలను అక్షరాలా చేసి చూడవచ్చు. తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్న శ్రోతకు ఆ అవసరమే లేదు. చింతపండు, ఉప్పు, జీలకర్ర కలిపి దంచి, పుల్లకు గుచ్చి పెరటి గోడ చాటున చప్పరించినవారికీ, కొలత డబ్బాలోంచి పచ్చిబియ్యం గుప్పెడు తీసి ఎవరూ చూడకుండా నమిలినవారికీ ఫిషర్ చెబుతున్నదేమిటో వివరించనవసరం లేదు. అటువంటి తిండి ఎవరికో ఒకరికి ఉంటుందన్న నమ్మకమే ఆమె వ్యాసపు చివరి వాక్యాలకు ఆధారం. ఈ తొనల్లో మహిమ ఎక్కడుందో తేల్చలేక, పలుచని పెంకు వల్లనా, చల్లని గుజ్జు వల్లనా, పరిమళం వల్లనా అని వరుసగా ఊహించి, ఏదీ తేల్చకుండానే, తన మాట అర్థమయ్యేవారు ఎక్కడో ఉండే ఉంటారని పాఠకుడికి వదిలిపెట్టింది. వర్ణనలో ఓడిపోయినట్టు కనిపించే ఆ చోటే వర్ణన పూర్తయింది.

ఫిషర్ ఎప్పుడూ ఒంటరి తిండినే మెచ్చుకున్నదని ఈ ఒక్క వ్యాసాన్ని బట్టి అనుకోరాదు. 'ద గ్యాస్ట్రనామికల్ మీ'లో 1918 నాటి ఒక ప్రయాణం ఉంది: పదేళ్ల పిల్లగా ఆమె, చెల్లెలు, తండ్రి కలిసి కొండల మధ్య ఏటి ఒడ్డున ఆగి, పీచ్ పండ్ల పై అనే తీపి వంటకాన్ని, అంటే పిండి రొట్టెలో పండ్లు పొదిగి కాల్చినదాన్ని, చిక్కని మీగడ పోసుకొని తింటారు. తండ్రి తండ్రిగానే కాక ఒక మనిషిగా కనిపించినదీ, తిండి పూటపూటా తీర్చుకునే అవసరంగా కాక నలుగురితో పంచుకునే వస్తువుగా తోచినదీ అప్పుడేనని ఆమె రాసింది. రెండు వ్యాసాలనూ ఒకే పూట చదవడం మంచిది. ముందు పీచ్ పండ్లది, తరువాత కమలాతొనలది. 1954లో ఆమె అయిదు పుస్తకాలను కలిపి ప్రచురించిన 'ది ఆర్ట్ ఆఫ్ ఈటింగ్' సంపుటంలో రెండూ దొరుకుతాయి. ఇంగ్లీషు ధారాళంగా రానివారు చదవగలిగినవారి చేత పైకి చదివించుకుని వినవచ్చు, చదివేవారికి ఆ గీత సంగతి మాత్రం ముందే చెప్పిపెట్టాలి.