తోడుకున్న సర్క్యూట్



ఈ చిన్న సీసా చూడండి, బోర్లిస్తున్నాను. చుక్క కారలేదు కదా? లోపల నూటికి తొంభై పాళ్లకు పైగా ద్రవమే. అయినా గడ్డ పెరుగులా నిలబడింది. దీన్నే జెల్ అంటాం.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదని మన నమ్మకం. వైరుకు ప్లాస్టిక్ తొడుగు వేసేది అందుకే. కానీ టోక్యోలో షిరకావా అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసే ప్రయోగశాలలో ఒకసారి ప్లాస్టిక్ తయారుచేస్తుంటే పొరపాటున ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. నల్లటి పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. తర్వాత ఆయన, మెక్‌డయార్మిడ్, హీగర్ కలిసి అలాంటి పొరకు అయోడిన్ పట్టిస్తే వాహకత కోటి రెట్లు పెరిగింది. అది 1977. ముగ్గురికీ 2000లో నోబెల్ వచ్చింది.

ఈ సీసాలోదీ కరెంటు పారే ప్లాస్టికే: పీత్రీహెచ్‌టీ అనే అర్ధవాహక పాలిమర్. అర్ధవాహకం అంటే కొళాయి ఉన్న గొట్టం అనుకోండి. కరెంటును వదలనూ వచ్చు, కట్టేయనూ వచ్చు. దీన్ని జైలీన్ అనే ద్రావకంలో వేడిచేస్తే కరిగి నారింజ రంగు తేలుతుంది. చల్లారేకొద్దీ ముదురు ఊదాకు తిరుగుతుంది. వేడిలో విడివిడిగా తిరిగిన అణుగొలుసులు ఒకదాని మీద ఒకటి పేరుకుని దారాలవుతాయి. దారాలు అల్లుకుని వలవుతాయి, ద్రవం అందులో చిక్కుకుంటుంది. కరెంటు నడిచేది ఆ దారాల వెంటే. తొందరపడి చల్లార్చామా, గొలుసులు తిన్నగా సర్దుకోవు, దారి గతుకులవుతుంది. తోడుపెట్టిన గిన్నెను కదపకూడదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడా ఓపికే సగం విద్య.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఒంట్లో అమర్చే పరికరాల కోసం. చిప్పుల్లో వాడే సిలికాన్, మన మెదడు కంటే కోట్ల రెట్లు గట్టిది. పైగా మన నరాలు మాట్లాడేది ఉప్పునీటిలోని అయాన్ల భాషలో. నీరు నిండిన జెల్ మెత్తగా ఉంటుంది, అయాన్లను లోపలికి రానిస్తుంది. చిక్కల్లా ఈ పాలిమర్లు నీటిలో కరగకపోవడమే. షికాగో విశ్వవిద్యాలయంలో సిహోంగ్ వాంగ్ బృందం 2024లో ఒక ఉపాయం చూపింది: పాలిమర్‌ను నీటితో కలిసే ద్రావకంలో కరిగించి, జెల్‌గా చేసి, తర్వాత నీళ్లలో నానబెట్టింది. ద్రావకం బయటికి పోయింది, నీరు లోపలికి చేరింది.

మీ సెల్‌ఫోన్‌లోని సిలికాన్‌కు ఈ జెల్ పోటీ కాదు. ఆ వేగం దీనికి రాదు. గాలి తగిలితే ఎండిపోతుంది కూడా. దీని చోటు గుండె మీద, చర్మం మీద, నరం పక్కన.

సీసా ఈ బల్ల మీద పెడుతున్నాను. పిల్లలూ, వరసగా వచ్చి చూడండి. మూత మాత్రం తియ్యకండి. జైలీన్ ఆవిరి మీకు మంచిది కాదు, గాలి జెల్‌కు మంచిది కాదు.